క్యాంపస్ ఆరోగ్యం మెస్ దగ్గర మొదలవుతుంది

2022 జూన్‌లో బాసర ట్రిపుల్ ఐటీ విద్యార్థులు వేల సంఖ్యలో తరగతులు మానేసి మెయిన్ గేటు దగ్గర కూర్చున్నారు. ఎండ కాసినా వాన పడినా కదల్లేదు. దాదాపు వారం సాగిన ఆ నిరసనలో వాళ్లు ప్రభుత్వం ముందు పెట్టిన డిమాండ్లు పన్నెండు. పూర్తికాలం వైస్ చాన్సలర్ కావాలి, ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు నింపాలి, ల్యాప్‌టాప్‌లు ఇవ్వాలి, హాస్టళ్లకు మరమ్మతులు చేయించాలి, మెస్‌లో తిండి బాగుపడాలి, ఇలాంటివే. పదో తరగతి అవగానే, పదిహేను పదహారేళ్ల వయసులో ఇల్లు వదిలి ఆరేళ్ల కోర్సులో చేరిన పిల్లలు వాళ్లు. చర్చలు జరిగి నిరసన ముగిసిన నెలలోపే, జూలైలో, అదే క్యాంపస్‌లో మెస్ భోజనం తిన్నవాళ్లు పెద్ద సంఖ్యలో అస్వస్థతకు గురై ఆసుపత్రి పాలయ్యారు.

ఆ డిమాండ్లను ఇప్పుడు మళ్లీ చదివితే, క్యాంపస్‌లో మనిషి ఆరోగ్యంగా ఉండాలంటే ఏమేం కావాలో విద్యార్థులే రాసి ఇచ్చిన పట్టికలా కనిపిస్తాయి. విశ్వవిద్యాలయాల్లో ‘వెల్‌నెస్’ గురించి మాట్లాడాలంటే ఈ పట్టిక నుంచే మొదలుపెట్టాలి. ఎందుకంటే ఆ మాట ఇప్పుడు ఎక్కువగా రెండు తేదీల చుట్టూ తిరుగుతోంది. జూన్ 21న యోగా దినోత్సవం, అక్టోబర్ 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం. ఆ రోజుల్లో జరిగే కార్యక్రమాల్లో తప్పేమీ లేదు. యోగా మంచిదే. సైకియాట్రిస్ట్ వచ్చి గంటసేపు మాట్లాడటమూ మంచిదే. మిగతా 363 రోజులు ఎలా గడుస్తున్నాయన్నదే అసలు ప్రశ్న. పొద్దున ఏడింటికి నీళ్లు వస్తున్నాయా, మధ్యాహ్నం పప్పులో పప్పు ఉందా, పరీక్ష తేదీ వాయిదా పడకుండా నిలబడుతోందా, పాఠం చెప్పే మనిషికి ఈ నెల జీతం పడిందా. ఆరోగ్యం అక్కడ తేలుతుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. శారీరకంగా, మానసికంగా, సామాజికంగా బాగుండటమే ఆరోగ్యమని, రోగం లేకపోవడం ఒక్కటే చాలదని 1948లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగమే చెప్పింది. 1986లో కెనడాలోని ఒట్టావాలో జరిగిన అంతర్జాతీయ సదస్సు దాన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లింది. మనిషి చదువుకునే చోట, పనిచేసే చోట, ఆడుకునే చోట, రోజువారీ బతుకులోనే ఆరోగ్యం తయారవుతుందని అక్కడి ప్రకటన సారం. 2015లో కెనడాలోనే, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం ఒకనాగన్ క్యాంపస్‌లో, దాన్ని విశ్వవిద్యాలయాలకు అన్వయిస్తూ ఒక చార్టర్ రాశారు. ఒకనాగన్ చార్టర్ అడిగేది ముఖ్యంగా రెండు. ఆరోగ్యాన్ని క్యాంపస్ పాలనలో, చదువులో, రోజువారీ పద్ధతుల్లో కలిపేయాలి. బయటి సమాజంలో కూడా ఆరోగ్యం కోసం విశ్వవిద్యాలయాలు ముందు నిలబడాలి. మొదటిదాని అర్థం చాలా సూటిగా ఉంటుంది. కౌన్సెలర్ గది ఎంత ముఖ్యమో టైమ్‌టేబుల్ వేసే గదీ అంతే ముఖ్యం.

పళ్లెంలో ఏముంది

ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఉస్మానియా పుట్టిన ఏడాది కూడా 1918. దేశం మొత్తానికి ఏం తినాలో చెప్పే సంస్థ, వేలమంది హాస్టల్ విద్యార్థులు తినే క్యాంపస్, రెండూ ఇరుగుపొరుగు.

ఆ సంస్థ 2024 మేలో భారతీయుల కోసం 17 ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. దేశంలో మొత్తం వ్యాధిభారంలో 56.4 శాతానికి సరిలేని తిండే కారణమని అందులో అంచనా వేసింది. మనం తినే శక్తిలో 50 నుంచి 70 శాతం బియ్యం, గోధుమల్లాంటి ధాన్యాల నుంచే వస్తోందని, పప్పులు, మాంసం, చేపలు అన్నీ కలిపినా 6 నుంచి 9 శాతమే ఉంటోందని చెప్పింది. ధాన్యాలు 45 శాతం మించకూడదు, పప్పులు, మాంసాహారం 15 శాతం దాకా ఉండాలన్నది వాళ్ల సలహా. ఏ హాస్టల్ మెస్‌కి వెళ్లి చూసినా ఈ లెక్క కంటికి కనబడుతుంది. అన్నం ఎంతైనా వేస్తారు. పప్పు పలచగా ఉంటుంది, కూర ఒక్క గరిటె. కడుపు నిండుతుంది, గంటకల్లా నిద్ర ముంచుకొస్తుంది, మధ్యాహ్నం క్లాసులో తల వాలిపోతుంది. ‘ఈ పిల్లలకు శ్రద్ధ లేదు’ అనే ముందు ఆ పూట పళ్లెం చూడాలి.

మెస్ వంట చేసేవాళ్లను తిట్టి లాభం లేదు. డబ్బు లెక్క అలా ఉంది. తెలంగాణలో 2024 నవంబరులో ప్రభుత్వం సంక్షేమ హాస్టళ్ల డైట్ చార్జీలు 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాకా చదివే హాస్టల్ విద్యార్థులకు నెలకు 1,500 రూపాయలు ఉన్నది 2,100 అయింది. ఆ పెంపు అవసరమే, మెచ్చుకోదగ్గదే. అయినా రోజుకు లెక్కేస్తే 70 రూపాయలు. పెంచక ముందు 50. ఆ డబ్బులోనే పొద్దున టిఫిను, రెండు పూటలా భోజనం. బయట ఒక్క ప్లేటు మీల్స్ ధరతో పోల్చి చూస్తే, గరిటె ఎందుకు పలచబడిందో అర్థమవుతుంది. విశ్వవిద్యాలయాల సొంత హాస్టళ్లలో మెస్ ఖర్చును విద్యార్థుల మధ్య పంచే పద్ధతి ఉన్నచోట, నెలాఖరుకు బిల్లు ఎంతొస్తుందో ముందు తెలియదు. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే ఆ బిల్లు బాకీగా పేరుకుంటుంది. బాకీ ఉన్న విద్యార్థికి పరీక్ష ముందు హాల్ టికెట్ గురించి, కోర్సు అయ్యాక సర్టిఫికెట్ల గురించి భయం. పోషకాహారంగా మొదలైన సమస్య ఇలా మెల్లగా మానసిక సమస్యగా మారుతుంది. రెండిటినీ వేరు చేసి చూడటం వల్లనే చాలా వెల్‌నెస్ కార్యక్రమాలు గురి తప్పుతున్నాయి.

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా తీవ్రం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే హాస్టల్ గదిలో పక్కపక్కన మంచాలు వేసుకున్న ఇద్దరమ్మాయిల్లో ఒకరికి రక్తం తక్కువ ఉండే అవకాశం ఎక్కువ. మెట్లెక్కితే ఆయాసం, చదివింది గుర్తుండకపోవడం, ఎప్పుడూ నీరసం, చిరాకు. ఈ లక్షణాలను చూసి ‘డిప్రెషన్ ఏమో’ అనుకునేవాళ్లున్నారు, ‘బద్ధకం’ అని కొట్టిపారేసేవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. హిమోగ్లోబిన్ పరీక్ష ఖరీదైనది కాదు. గర్భిణులు కాని స్త్రీలకు డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. అడ్మిషన్ సమయంలో ఒకసారి, ప్రతి సెమిస్టర్ మొదట్లో ఒకసారి ఈ పరీక్ష చేసి, అవసరమైన వాళ్లకు ఐరన్ మాత్రలు ఇచ్చి, మళ్లీ మూడు నెలలకు చూడటం ఏ క్యాంపస్ ఆరోగ్య కేంద్రానికైనా సాధ్యమే. మెస్‌లో వారానికి మూడు రోజులు ఆకుకూర పప్పు, పక్కన ఒక నిమ్మచెక్క ఉన్నా మేలే. నిమ్మకాయలోని విటమిన్ సి వల్ల ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం అవగానే టీ తాగితే మాత్రం ఆ ఇనుము సరిగా అందదు. ఈ చిన్న సంగతులు మెస్ గోడమీద తెలుగులో రాసి పెట్టడానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ఆటల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఉస్మానియా రోడ్ల మీద తెల్లవారుజామున చుట్టుపక్కల కాలనీల వాళ్లు వందలమంది నడుస్తుంటారు. చెట్లూ ఖాళీ జాగా ఉన్న క్యాంపస్ ఒక ఊరికే ఊపిరి పోస్తుందనడానికి అదే రుజువు. కానీ సాయంత్రం ఆరు తర్వాత గ్రౌండ్‌లో లైట్లు లేకపోతే, హాస్టల్ గేటు పెందరాళే మూసేస్తే, ఆ జాగా అమ్మాయిలకు ఉన్నా లేనట్టే. జిమ్ పరికరాలు కొనే ముందు గ్రౌండ్‌కు లైట్లు వేయించడం మంచిది.

తేదీల్లేని బతుకు

మన విశ్వవిద్యాలయాల్లో విద్యార్థుల టెన్షన్‌కు అసలు పేరు అనిశ్చితి. చదువు కష్టంగా ఉండటం వేరు, ఎప్పుడు ఏమవుతుందో తెలియకపోవడం వేరు. మొదటిదాన్ని చాలామంది తట్టుకుంటారు. రెండోది మనిషిని లోపల్నుంచి తినేస్తుంది.

తెలంగాణ గ్రూప్-1 ఉదాహరణ తీసుకుంటే చాలు. 2022 అక్టోబర్ 16న ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో దాన్ని రద్దు చేశారు. 2023 జూన్ 11న మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. మూడోసారి 2024 జూన్ 9న రాశారు. ఒకే పరీక్ష కోసం ఒక విద్యార్థి ఇరవై నెలలు నిలబడ్డాడు. ఆర్ట్స్ కాలేజీ చెట్ల కింద, లైబ్రరీ రీడింగ్ హాల్లో, ఇద్దరుండాల్సిన గదిలో నాన్‌బోర్డర్లతో, అంటే హాస్టల్‌లో సీటు లేకుండా ఉండేవాళ్లతో, కలిసి నలుగురుగా సర్దుకుని చదివే వాళ్లలో ఎంతోమందికి ఆ ఇరవై నెలలంటే ఇంటి నుంచి వచ్చే ప్రతి ఫోన్‌కూ జవాబు వెతుక్కోవడమే. ‘ఇంకెప్పుడురా?’ అని నాన్న అడిగితే చెప్పడానికి అతని దగ్గర తేదీ లేదు. ఈ బాధకు ప్రాణాయామం ఒక పూట ఉపశమనం ఇస్తుందేమో. తేదీ మాత్రం ప్రభుత్వమే ఇవ్వాలి.

గ్రూప్-1 విశ్వవిద్యాలయం చేతిలో లేదు, నిజమే. కానీ సెమిస్టర్ పరీక్ష తేదీ, ఫలితాల తేదీ, రీవాల్యుయేషన్ గడువు, సప్లిమెంటరీ ఫీజు నోటిఫికేషన్ విశ్వవిద్యాలయం చేతిలోవే. అకడమిక్ క్యాలెండర్ ఏడాది మొదట్లో ప్రకటించి దానికి కట్టుబడటం వెల్‌నెస్ చర్యల్లో అన్నిటికంటే పెద్దది. దీన్నెవరూ ఆ పేరుతో పిలవరంతే. ఢిల్లీ ఐఐటీ 2023లో ఒక పని చేసింది. విద్యార్థుల మీద ఒత్తిడి తగ్గించడానికి సెమిస్టర్ మధ్యలో పెట్టే రెండు విడతల పరీక్షల్లో ఒక విడతను పూర్తిగా తీసేసింది. ఒత్తిడిని ఎలా తట్టుకోవాలో ఉపన్యాసం ఇవ్వడం కంటే, ఒత్తిడి పుట్టే చోటును సరిచేయడం ఇది. కేరళలోని కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం అదే ఏడాది జనవరిలో, నెలసరి ఇబ్బందిని గుర్తించి విద్యార్థినులకు ప్రతి సెమిస్టర్‌లో హాజరులో అదనంగా 2 శాతం మినహాయింపు ఇచ్చింది. కొద్ది రోజులకే కేరళ ప్రభుత్వం దాన్ని రాష్ట్రంలోని మిగతా విశ్వవిద్యాలయాలకూ విస్తరించింది. రెండు శాతం చిన్న అంకె. కానీ కడుపునొప్పితో మంచం మీద ముడుచుకుని, 75 శాతం హాజరు పోతుందేమోనని భయపడే అమ్మాయికి ఆ అంకె ఎంత పెద్దదో ఆమెకే తెలుసు. ఈ పని చేయడానికి మన దగ్గర కూడా ఒక తీర్మానం చాలు.

పరిశోధక విద్యార్థుల పరిస్థితి ఇంకో రకం. నెట్ పరీక్ష ద్వారా జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వచ్చినవాళ్లకు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు వస్తోంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ ఫెలోషిప్ లేనివాళ్లకు 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏ ఫెలోషిప్పూ లేకుండా, ఎక్కడో పార్ట్‌టైమ్ పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీ లాక్కొచ్చేవాళ్లు ఎందరో. ముగ్గురికీ పని ఒకటే, గడువూ ఒకటే. పైగా వాళ్ల భవిష్యత్తు మొత్తం ఒక్క మనిషి, అంటే గైడ్, సంతకం మీద ఆధారపడి ఉంటుంది. ఆ సంబంధం బాగుంటే పీహెచ్‌డీ జీవితంలో మంచి కాలమవుతుంది. చెడితే వెళ్లి చెప్పుకోవడానికి చోటు ఉండదు, ఎందుకంటే ఫిర్యాదు తీసుకునే కమిటీలో ఉండేది గైడ్ సహోద్యోగులే. గైడ్‌ను మార్చుకునే వీలు నియమాల్లో స్పష్టంగా ఉండాలి. అలా మార్చుకున్నందుకు ఎవరి భవిష్యత్తూ పాడవకూడదు.

కులం సంగతి దాటవేసి క్యాంపస్ ఆరోగ్యం గురించి రాయడం నిజాయితీ కాదు. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయారు. హాస్టల్ విషయంలో ఆంక్షలు ఎదుర్కొన్న ఐదుగురు పరిశోధక విద్యార్థుల్లో ఆయన ఒకరు. ఆ తర్వాతే క్యాంపస్‌లలో కుల వివక్ష గురించి దేశమంతా గట్టిగా మాట్లాడటం మొదలైంది. నిజానికి వివక్షను అరికట్టేందుకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2012లోనే నియమాలు తెచ్చింది. అవి సరిగా అమలు కావడం లేదని 2019లో రోహిత్ తల్లి, ముంబైలో కూతురిని కోల్పోయిన మరో తల్లితో కలిసి సుప్రీంకోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది. పక్కవాడు ర్యాంకు అడిగి రిజర్వేషన్ గురించి నవ్వుతూ ఒక మాటంటే, ఆ మాట విన్నవాడి నిద్ర, తిండి, చదువు మీద దాని బరువు పడుతుంది. ‘ధైర్యంగా ఉండు’ అని అతనికి చెప్పే కౌన్సెలింగ్ సగం వైద్యమే. అన్నవాడికి అడ్డు చెప్పే వ్యవస్థ మిగతా సగం.

కౌన్సెలర్ గది

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క. అంతకు ముందు ఏడాది 13,089. ఏటేటా ఇంచుమించు అదే అంకె రావడం చూస్తే, ఇది ఎవరో ఒకరి బలహీనత కాదని, వ్యవస్థలోనే ఉన్న జబ్బని తెలుస్తుంది.

2025 మార్చిలో సుప్రీంకోర్టు ఉన్నత విద్యాసంస్థల్లో ఈ విషాదాల కారణాలు పరిశీలించడానికి జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. అదే ఏడాది జూలై 25న ఇంకో తీర్పు వచ్చింది. దాని మూలం విశాఖపట్నంలో ఉంది. అక్కడ నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023 జూలైలో మరణించిన పదిహేడేళ్ల అమ్మాయి కేసు అది. దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ, జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. తగిన చట్టమో, నియమావళో వచ్చేదాకా అవే చట్టంతో సమానం. వంద మంది, అంతకు పైగా విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌గానీ, సైకాలజిస్ట్‌గానీ, సోషల్ వర్కర్‌గానీ ఉండాలి. వీలైనంత వరకు మార్కుల ఆధారంగా విద్యార్థులను బ్యాచులుగా విడదీయకూడదు. అందరి ముందు అవమానించకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి.

కౌన్సెలర్‌ను పెట్టాం కాబట్టి పని అయిపోయిందనుకుంటే పొరపాటు. వేలమంది చదివే విశ్వవిద్యాలయానికి ఒక్క కౌన్సెలర్ అంటే, ఆ గది ముందు వరుస కట్టాల్సిందే. ఆ గది ఎక్కడుందన్నది కూడా ముఖ్యం. పరిపాలనా భవనంలో ప్రిన్సిపల్ గది పక్కన ఉంటే ఎవరు వెళ్తారు? చూసినవాళ్లు ఏమనుకుంటారో అనే బిడియం మన దగ్గర ఇంకా చాలా ఉంది. లోపల చెప్పుకున్నది వార్డెన్‌కో, ఇంటికో చేరుతుందనే అనుమానం దాని కంటే పెద్దది. ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప ఏదీ బయటకు వెళ్లదని రాతపూర్వకంగా హామీ ఇచ్చి, దానికి కట్టుబడాలి. భాష సంగతీ చూసుకోవాలి. ఆదిలాబాద్ నుంచో, పాడేరు నుంచో వచ్చిన విద్యార్థి తన దుఃఖాన్ని ఇంగ్లిషులో చెప్పుకోలేడు. తన యాసలో చెప్పుకుంటేనే మనసు బరువు దిగుతుంది.

2022 అక్టోబర్ 10న మొదలైన టెలిమానస్, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఈ విషయంలో మంచి తోడు. 14416కి ఎప్పుడు ఫోన్ చేసినా, రాత్రీ పగలూ, తెలుగులో మాట్లాడే శిక్షణ పొందినవాళ్లు ఉంటారు. ఖర్చేమీ లేదు. మనసు బాగోలేని విద్యార్థికే కాదు, అతని గది మిత్రుడికి ఏం చేయాలో తోచకపోయినా ఆ నంబరుకు చేయొచ్చు. అంతకు మించిన వైద్యం అవసరమైనప్పుడు విశ్వవిద్యాలయాలు దూరం వెతుక్కోనవసరం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి దగ్గర్లోనే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఉంది. ఈ పేర్లు మనకు తిట్లుగా అలవాటయ్యాయి. ‘ఎర్రగడ్డకు పోవాల్సినోడు’ అనే మాట వాడకుండా ఉండటం దగ్గర్నుంచే క్యాంపస్‌లో మానసిక ఆరోగ్యం మొదలవుతుంది. అక్కడి డాక్టర్లు వారానికొక రోజు క్యాంపస్ ఆరోగ్య కేంద్రానికి వచ్చి, జ్వరానికి, దగ్గుకు చూసే గదుల మధ్యే ఒక గదిలో కూర్చుంటే సగం బిడియం పోతుంది.

పాఠం చెప్పేవాళ్లు, గేటు కాసేవాళ్లు

వెల్‌నెస్ అంటే విద్యార్థులకే అన్నట్టు మాట్లాడటం ఇంకో లోటు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ 14 గంటలు నేరుగా బోధించాలి. కాగితం మీద ఇది సరిపోతుంది. పోస్టులు ఖాళీగా ఉన్న డిపార్ట్‌మెంట్‌లో ఉన్న ఇద్దరు ముగ్గురు మిగతా వాళ్ల పాఠాలూ చెప్పాలి, పేపర్లు దిద్దాలి, విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే న్యాక్ కోసం ఫైళ్లు తయారు చేయాలి, వార్డెన్ బాధ్యత మోయాలి. రాత్రి పదకొండింటికి హాస్టల్‌లో గొడవ అయితే ఫోన్ ఆయనకే వస్తుంది. అలాంటి మనిషి మరుసటి రోజు క్లాసులో ఒక విద్యార్థి ముఖం వాడిపోయి ఉందని గమనించగలడా? గమనించాలనే ఉంటుంది. ఓపిక ఉండదు.

కాంట్రాక్టు, పార్ట్‌టైమ్, గెస్ట్ ఫ్యాకల్టీ పరిస్థితి ఇంతకంటే కష్టం. తెలంగాణ విశ్వవిద్యాలయాల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లు యూజీసీ పే స్కేలు కోసం 2025లో ఆందోళనకు దిగారు. ఏళ్ల తరబడి ఒకే డిపార్ట్‌మెంట్‌లో పాఠం చెప్పినా వచ్చే ఏడాది రెన్యువల్ ఉంటుందో లేదో తెలియని బతుకు వాళ్లది. గంటల లెక్కన చెల్లించే గెస్ట్ లెక్చరర్లకు వేసవి సెలవుల్లో క్లాసులుండవు, డబ్బూ రాదు. నలభై ఐదేళ్ల వయసులో, పీహెచ్‌డీ చేతిలో పెట్టుకుని, పిల్లల స్కూలు ఫీజు కోసం జూన్ ఎప్పుడొస్తుందా అని చూసే మనిషి ఆరోగ్యం గురించి ఏ వెల్‌నెస్ సెల్ కూడా ఆలోచించడం లేదు. ప్రతి నెలా ఒకే తేదీన జీతం పడటం, పన్నెండు నెలలకూ కాంట్రాక్టు ఇవ్వడం, ఆరోగ్య బీమా కార్డు ఇవ్వడం. వాళ్లకు కావాల్సిన వెల్‌నెస్ ఇదే.

ఇక అవుట్‌సోర్సింగ్ సిబ్బంది. మెస్‌లో ఉదయం నాలుగింటికి లేచి వందల ఇడ్లీలు వేసే అక్కలు, పన్నెండు గంటల షిఫ్టులో నిలబడే సెక్యూరిటీ వాళ్లు, గ్లౌజులు లేకుండా బాత్రూములు కడిగేవాళ్లు. గేటు దగ్గర కూర్చోవడానికి కుర్చీ, తాగడానికి చల్లటి నీళ్లు, ఎండలో నీడ, మహిళా సిబ్బంది బట్టలు మార్చుకోవడానికి ఒక గది. వీటి ఖర్చు ఒక సెమినార్‌కు అయ్యే ఖర్చంత. క్యాంపస్ ఆరోగ్య కేంద్రంలో వీళ్లకు చూస్తారా అంటే చాలాచోట్ల జవాబు నీళ్లు నమలడమే, ఎందుకంటే కాగితం మీద వీళ్లు ఏజెన్సీ మనుషులు. జ్వరం క్యాంపస్‌లోనే వచ్చినా మందు బయట కొనుక్కోవాలి.

యూజీసీ 2023లో విద్యార్థుల శారీరక దారుఢ్యం, ఆరోగ్యం, మానసిక శ్రేయస్సు కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రతి సంస్థలో ఒక విద్యార్థి సేవా కేంద్రం ఉండాలని చెప్పింది. మంచి ప్రతిపాదన. ఆ కేంద్రం తలుపు సిబ్బందికీ తెరిచి ఉంచితే అది ఇంకా మంచి ప్రతిపాదన అవుతుంది. మెస్ కమిటీలో వంటవాళ్ల ప్రతినిధి ఉండటం, ఆరోగ్య కేంద్రం రాత్రి పదింటి దాకా తెరవడం, అక్కడ మహిళా డాక్టర్ ఉండటం, స్కాలర్‌షిప్ ఆలస్యమైనంత కాలం మెస్ బాకీ వసూలు ఆపడం లాంటివి ఏ వైస్ చాన్సలరైనా రేపు పొద్దున మొదలుపెట్టగలిగినవే.

సుప్రీంకోర్టు 2025 తీర్పులో పెద్దగా చర్చకు రాని ఒక అంశం ఉంది. బోధన సిబ్బందికే కాదు, బోధనేతర సిబ్బందికి కూడా ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలంది. మనసు చెదిరిన మనిషికి మొదటి సాయం ఎలా చేయాలో, ప్రమాద సూచనలు ఎలా గుర్తుపట్టాలో, ఎవరి దగ్గరకు పంపాలో నేర్పాలంది. ఇది క్యాంపస్ గురించి బాగా తెలిసినవాళ్లు రాసిన మాట. ఒక విద్యార్థి మూడు రోజులుగా మెస్‌కు రావడం లేదని ముందు తెలిసేది వడ్డించే అక్కకు. రాత్రి రెండింటికి ఒంటరిగా తిరుగుతున్నాడని తెలిసేది వాచ్‌మన్‌కు. ప్రొఫెసర్‌కు తెలిసేసరికి వారం అవుతుంది. ఆ అక్కకు, ఆ వాచ్‌మన్‌కు శిక్షణ తెలుగులో జరగాలి. డ్యూటీ సమయంలోనే, కూలి కోత లేకుండా జరగాలి. ‘అన్నం తిన్నావా బాబూ’ అని అడిగాక తర్వాత ఏం చేయాలో వాళ్లకు తెలియాలి, ఆ సమయంలో ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఒకరు క్యాంపస్‌లో ఉండాలి.